బిడ్డను ఎవరు పట్టుకోవాలి

ఎక్స్‌రే గదిలో ఏడ్చే పసిబిడ్డను కదలకుండా ఎవరు పట్టుకోవాలి? వేలూరులో మాతో పాటు రెండేళ్ల ఎక్స్‌రే డిప్లొమా చదివిన ఎవరిని అడిగినా జవాబు చెబుతారు. బిడ్డ తల్లో తండ్రో, అవ్వో తాతో సీసపు ఏప్రన్ కట్టుకుని పట్టుకోవాలి. ఆ గదిలో రోజూ పనిచేసేవాళ్లు పట్టుకోకూడదు. ఇంటివాళ్ల మీద ఆ కిరణాలు ఏ ఒక్కసారో పడతాయి, పనివాళ్ల మీద పడితే రోజూ పడతాయి. పరీక్షలో ఈ మాట రాస్తే మార్కులు వేస్తారు. మరి గదిలో పట్టుకున్నది ఎవరంటే మేమే, విద్యార్థులం. ఇప్పుడు గుడియాత్తంలో ఒక స్కాన్ సెంటర్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, అయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది గుడియాత్తమే. నాన్న లుంగీలు నేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. నా నోరు మంచిది కాదని అమ్మకు నా చిన్నప్పటి నుంచీ బెంగ. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అని ఆమె అనేది నన్ను చూసే. కాలేజీలో చేరిన రోజు బస్సు కిటికీ దగ్గర నిలబడి, అక్కడ ఎవరితోనూ వాదం పెట్టుకోవద్దని నాకు మరీ మరీ చెప్పింది. మొదటి ఏడాది ఆ మాట నిలబెట్టుకున్నాను. వాదించడానికి అక్కడ ఏముంది గనక? కాలేజీ ల్యాబులో ఉన్న ఎక్స్‌రే యంత్రం పనిచేయదు. ఆయుధపూజకు దానికి కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, అందరం దండం పెట్టుకున్నాం. అంతకు మించి దానితో మాకు పని పడలేదు.

రెండో ఏడాది పని నేర్చుకోమని కాలేజీవాళ్ల ఆసుపత్రికే మమ్మల్ని పంపారు. అక్కడ ఎక్స్‌రే విభాగానికి ఇన్‌చార్జిగా ఒక సారు ఉండేవాడు. రేడియేషన్ నుంచి ఎలా కాపాడుకోవాలో శనివారాలు మాకు పాఠం చెప్పేదీ ఆయనే. తక్కువ సేపు ఉండాలి, దూరంగా ఉండాలి, అడ్డు పెట్టుకోవాలి. ఈ మూడు మాటలూ మా చేత ఎక్కాల్లాగా వల్లె వేయించేవాడు. సోమవారం వచ్చేసరికి అదే మనిషి బిడ్డ తాలూకు వాళ్లను బయటకు తోలి, మాలో ఒకరిని బిడ్డను పట్టుకోమని లోపలికి పంపేవాడు. ఇంటివాళ్లకు ఏప్రన్ కట్టి, ఎలా పట్టుకోవాలో చెప్పి నిలబెట్టేసరికి పుణ్యకాలం గడిచిపోతుందట. విద్యార్థి అయితే చెప్పిన చోట నోరు మూసుకుని నిలబడుతుంది. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ గదిలో పనిచేసే ప్రతి ఒక్కరి ఛాతీ మీదా చిన్న బ్యాడ్జి ఉండాలి. ఒంటి మీద రేడియేషన్ ఎంత పడిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. సారు తన బ్యాడ్జిని, బటన్ నొక్కేవాళ్లు నిలబడే సీసపు అద్దం వెనక, గోడ మేకుకు తగిలించి ఉంచేవాడు, దానికి ఏ బాధా లేదు. మాకైతే బ్యాడ్జీలే లేవు. తనిఖీకి వస్తున్నారంటే మాత్రం బీరువాలోంచి కొన్ని బయటికి వచ్చేవి. ఎవరెవరి పేర్లో రాసి ఉన్నవి మా కోట్లకు తగిలించి, తనిఖీవాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. బ్యాడ్జి లేని మనిషి మీద ఎంత పడినా పడనట్టే లెక్క. వాళ్ల దృష్టిలో మేము ఆ గదిలో లేనే లేము.

నాకు జతగా డ్యూటీ పడింది తిరువలం నుంచి వచ్చే ఒక అక్కకు. నాకన్నా పెద్దది, పెళ్లయిన మనిషి. బూట్ల ఫ్యాక్టరీలో కొన్నేళ్లు కుట్టుమిషన్ మీద కూర్చుని, మొగుడు ఇంకా అదే ఫ్యాక్టరీలో ఉండగా, తాను మాత్రం పట్టుబట్టి చదువుకు వచ్చింది. నా ఇంట్లోనూ ఆమె ఇంట్లోనూ తెలుగే, కానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. మా చర్చి పాటల పుస్తకం పుణ్యమా అని మా అమ్మమ్మ నాకు అక్షరాలు నేర్పింది. డ్యూటీ అయ్యాక ఇద్దరం కలిసి పాలారు వంతెన దాటి కాట్పాడి దాకా వచ్చి, అక్కడ చెరొక బస్సు ఎక్కేవాళ్లం.

ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్ర బోర్డు ఒకటి ఉండేది. గర్భవతులైతే ముందే చెప్పండి అని అరవంలో, ఇంగ్లీషులో, తెలుగులో రాసి ఉండేది. చిత్తూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లకు ఆ తెలుగు వరుస. దాన్ని చదివి చెప్పినవాళ్లను నేను చూడలేదు. సారు వరండాలో అందరి ముందూ గట్టిగా అడిగేవాడు. పక్కన అత్త కూర్చుని ఉంటే, మూడో నెల నిండకుండా నలుగురిలో ఏ కోడలు ఔనంటుంది? దిష్టి తగులుతుందని కన్నతల్లికే చెప్పని ఇళ్లు ఉన్నాయి. లేదని తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేసేవాళ్లు. అందుకని తెలుగు ఆడవాళ్లను అడిగే పని అక్క తనే తీసుకుంది. తెర చాటుకు పిలిచి, చెయ్యి పట్టుకుని, తలకు పోసుకొని ఎన్నాళ్లయిందమ్మా అని మెల్లగా అడిగేది. సారుకు లేదని చెప్పిన ఒక కొత్త పెళ్లికూతురు అక్క అడిగేసరికి కళ్లనీళ్లు పెట్టుకుని అనుమానంగా ఉందని చెప్పింది. నడుముకు ఎక్స్‌రే తీయకుండా ఆమెను డాక్టరు దగ్గరికి తిప్పి పంపాం. ఆ రోజు అక్కను చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

కొన్నాళ్లకు అక్క బిడ్డలను పట్టుకోవడానికి వెనకాడటం మొదలుపెట్టింది. సారు పిలిస్తే నీళ్ల సీసా వెతుక్కునేది, లేకపోతే అద్దం వెనక్కి పోయి నిలబడేది. ఆమె వంతు పని నా మీద పడుతోందని నాకు చిరాకు వేసి, ఒక సాయంత్రం కాట్పాడి బస్సులో కడిగేశాను. బస్సు వంతెన మీదకు వచ్చాక ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"నిలిచిందమ్మా. మూడో నెల నిండేదాకా ఎవురికీ చెప్పగూడదని మా అత్త ఒట్టు పెట్టించుకొనింది. ముందొకటి నిలవకుండా పోయింది గదా. నువ్వూ యాడా అనొద్దు."

సారుకైనా చెప్పమన్నాను. చెబితే ఇంటికి పోయి వచ్చే ఏడు రమ్మంటారంది. మా పైక్లాసులో ఒకామెను అలాగే పంపించారు, ఆమె మళ్లీ రాలేదు. బిడ్డ చేతికి వచ్చాక తనను కూడా ఇంట్లో మళ్లీ పంపరని అక్కకు తెలుసు. చెబితే చదువు పోతుంది, చెప్పకపోతే కడుపులో బిడ్డకు ఏమవుతుందో తెలియదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ బస్సులో తెలిసింది.

ఆమె వంతు కూడా నేనే తీసుకున్నాను. నాకు భయం లేదని కాదు. గదిలో ఉన్నవి రెండే ఏప్రన్లు. వాటిని మడత పెట్టకూడదు, పెడితే లోపలి సీసం పొర పగులుతుందని పాఠం చెప్పిన సారే వాటిని మడిచి స్టూలు మీద పడేసేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనూ అక్కా ఆ ఏప్రన్లకే ఎక్స్‌రే తీసి చూశాం. ఒకటి బాగానే ఉంది. రెండో దానికి తెల్లటి బొమ్మలో నల్లటి పగుళ్లు, సరిగ్గా పొట్ట దగ్గర. అక్క ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. సారుకు చూపిస్తే, కొత్తవి అడిగాం, వస్తాయి అన్నాడు. అవి ఇప్పటికైనా వచ్చాయో లేదో నాకు తెలియదు.

ఒక పొద్దున వరండా జనంతో కిటకిటలాడుతోంది. చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ మనవడిని తెచ్చింది. మిద్దె మెట్ల మీద నుంచి పడి వాడి మోచెయ్యి వాచిపోయింది. అవ్వను బయట కూర్చోబెట్టారు. వాడు బల్ల మీద గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను మామూలుగా ముందుకు కదిలాను. సారు నన్ను ఆపి, నువ్వు కాదు, ఇన్నాళ్లూ అద్దం వెనక దాక్కుంటున్నదే, ఈ పూట ఆమె పట్టుకోవాలి అని అరవంలో అన్నాడు. పట్టుకోకపోతే హాజరు వేయనన్నాడు. అక్క నా వంక చూసింది. మెల్లగా స్టూలు దగ్గరికి పోయింది. మంచి ఏప్రన్ అప్పటికే నా ఒంటి మీద ఉంది. ఆమె చేతికి అందింది పగిలినది.

నాకు అమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది, అక్కకు ఇచ్చిన మాటా గుర్తుంది. అక్క సంగతి నేను బయటపెట్టలేదు. పోయి తలుపు తీశాను. అవ్వ మనవడి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి పిలిచి, నా ఒంటి మీది ఏప్రన్ విప్పి ఆమెకు కట్టాను. భుజం కింద ఒక చెయ్యి, మణికట్టు కాడ ఒక చెయ్యి పెట్టి కదలకుండా పట్టుకోమని చూపించాను. ఆమెను చూడగానే వాడి ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. అందరం అద్దం వెనక్కి వచ్చాం. సారును అడగకుండా నేనే బటన్ నొక్కాను. ఒక్క దెబ్బకే బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఈ మాత్రం దానికి పుణ్యకాలం గడిచిపోతుందట!

ఏప్రన్ విప్పుతుంటే అవ్వ నన్ను తప్పుపట్టింది.

"బిడ్డ మాది గదమ్మా. మమ్మల్ని బయట కూర్చోబెట్టి మీరెందుకు పట్టుకొనేది? ముందే అడిగుంటే నేనే పట్టుకొందును గదా."

ఇన్ని నెలలుగా మేము మింగుతూ వచ్చిన మాట ఆమె ఎంత సులువుగా అనేసింది! అడిగితే పట్టుకునేవాళ్లు బయటే కూర్చుని ఉన్నారు. వాళ్లను అడగడానికి ఈ పెద్దమనిషికి ఓపిక లేదు, అంతే.

మధ్యాహ్నానికి మా ఇద్దరినీ ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. పెద్దల మాట లెక్కచేయలేదని సారు చెప్పాడు. బిడ్డను ఎవరు పట్టుకోవాలో పుస్తకంలో ఏముందని నేను ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆసుపత్రిలో ఇన్‌చార్జి చెప్పిందే పుస్తకం అన్నాడు. మరి మా బ్యాడ్జీలు ఎక్కడ అంటే, అవి పనివాళ్లకు, మీరు విద్యార్థులు అన్నాడు. పని చేయించుకునేటప్పుడు పనివాళ్లం, రక్షణ అడిగితే విద్యార్థులం. ఆ మాట ఆయన ముఖానే అన్నాను. అక్క నా వెనక తల వంచుకుని నిలబడి ఉంది. ఎందుకమ్మా నువ్వు వెనకాడుతున్నావని ఆ ఇద్దరు మగాళ్లలో ఒక్కడూ ఆమెను ఒక్క ముక్క అడగలేదు.

శిక్ష వేశారు. ఏడాది చివరిదాకా మేమిద్దరం ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకూడదు. రిపోర్టుల కౌంటర్లో కూర్చుని, ఫిల్ములు కవర్లలో పెట్టి పేర్లు పిలవాలి. హాజరు మాత్రం ఉంటుంది. వరండాలోకి వచ్చాక అక్క చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఎందుకంటే పుస్తకంలో ఉన్న నియమం అదే. గర్భవతిని రేడియేషన్‌కు దూరంగా వేరే పనిలో పెట్టాలి. మర్యాదగా చేయవలసిన పనిని వాళ్లు కోపంతో చేశారు. అక్కకు మేలు జరిగిందని నాకు సంతోషం. అది శిక్షగా తప్ప దొరకలేదే అని మంట. మా బదులు గదిలోకి వేరే ఇద్దరు పోయారు, బిడ్డలను వాళ్లు పట్టుకున్నారు. నేను నేర్చుకోవలసిన పని సగం నేర్చుకోకుండానే ఉండిపోయింది, ఉద్యోగంలో చేరాక తిట్లు తింటూ నేర్చుకున్నాను.

నాలుగో నెల పడగానే అక్క వాళ్ల అత్త చేసిన అత్తిరసాలు, అదే మన అరిసెలు, డబ్బాలో తెచ్చి కౌంటర్లో అందరికీ పంచింది. సారు కూడా రెండు తిన్నాడు. సంగతి అప్పుడే ఆయనకూ తెలిసింది. పొట్ట ముందుకు వచ్చేకొద్దీ మమ్మల్ని చూడకుండా పక్క నుంచి పోయేవాడు.

ఆఖరి పరీక్షల నాటికి అక్కకు నెలలు నిండవస్తున్నాయి. బెంచీకీ బల్లకీ మధ్య పొట్ట పట్టక పక్కకు తిరిగి కూర్చుని రాసింది. రేడియేషన్ రక్షణ పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. గర్భవతి అయిన ఉద్యోగినికి తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించుము. చదివి తలెత్తి చూశాను. అక్క అప్పటికే వంగి గబగబా రాస్తోంది.

బస్‌స్టాపులో నా నోరు ఊరుకోలేదు. వీళ్లకు సిగ్గుందా, ఏ ముఖం పెట్టుకుని ఈ ప్రశ్న అడుగుతారు అని మొదలుపెట్టి కాలేజీ మొత్తాన్నీ ఏకిపారేశాను. అక్క నీడలో బెంచీ చూసుకుని కూర్చుని, కాళ్లు చాపుకుని, నేను అలసిపోయేదాకా విన్నది.

"తిట్టొద్దులేమ్మా," అనింది. "వచ్చిన ఆడోళ్లనంతా నేను అడిగినా. నన్ను అడిగింది ఈ పేపరొకటే."