ఒక ఇంటికి రెండు నెలవంకలు

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ప్రపంచ రాజకీయాలు నేర్పింది ఐర్లండ్‌లో ములింగార్ దగ్గర ఒక అద్దె ఇంటి వంటగది. అందులో నాలుగు ప్రెస్సులుండేవి. గోడకు బిగించిన అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారు. నాలుగింటికీ నాలుగు తాళాలు. ఒకటి పాకిస్తానీది, ఒకటి సిరియావాడిది, ఒకటి బంగ్లాదేశ్ పెద్దాయనది, నాలుగోది నాది. నలుగురమూ ముసల్మానులమే. ఒకే మాంసం ఫ్యాక్టరీలో ఒకే లైన్ మీద నిలబడి ఎద్దుల్ని కోసేవాళ్ళమే. ఒకడి ఉప్పు ఇంకొకడు వాడాడంటే మాత్రం యుద్ధమే.

మాది ఆదోని. పుస్తకం కంటే కత్తి బాగా పడతానని మా నాయన నన్ను బళ్ళోంచి తీసి మాంసం కొట్లో నిలబెట్టాడు. ఆ కత్తే ఐర్లండ్ దాకా తెచ్చింది. కరోనా వచ్చాక డబ్లిన్‌లో, చెర్రీవుడ్ వైపు ఉండే మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళు పైజమాల మీదే ఉద్యోగాలు చేసుకున్నారు. ఎద్దును ఇంట్లో కూర్చుని కొయ్యడం కుదరదు కాబట్టి మేం రోజూ వెళ్ళాం. భుజాలు ఆనించి నిలబడి కోశాం.

మా ఇంట్లో నడిచింది ముక్కల ఉర్దూ, మధ్యలో విరిగిన ఇంగ్లీషు. ఆ మాటల్ని ఇక్కడ మా సీమ తెలుగులోకి దించుకుంటున్నాను. వాళ్ళు చదవరు కాబట్టి భయం లేదు.

మసీదు మూసేసిన మొదటి శుక్రవారం నలుగురం హాల్లో నమాజుకు నిలబడ్డాం. నిలబడ్డామే కానీ మొదలుపెట్టలేదు. ముందు నిలబడి చదివించేదెవరు?

"ఈయన యెనకాల నేను సదవను. ప్రతి మాటనీ కిళ్ళీ నమిలినట్టు నములుతాడు," అన్నాడు సిరియావాడు, పాకిస్తానీని చూపించి.

"అరబ్బీ నీ అబ్బ సొత్తా? చేతులు యాడ కట్టుకోవల్లో తెలియనోడు నాకు చెప్తాడు," అన్నాడు పాకిస్తానీ.

పెద్దాయన తన చాప చుట్టుకుని మెట్లెక్కుతూ, "నాకిద్దరూ వద్దు," అన్నాడు.

"పోనీ నేను నిలబడతా సామీ," అన్నాను. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురు కలిసి చేసిన పని అదొక్కటే. ఆ తర్వాత నాలుగు గదుల్లో, నాలుగు టైముల్లో, ఒకే దేవుడికి నాలుగు అర్జీలు వెళ్ళాయి.

రంజాన్ వచ్చింది. మే నెలలో ఇక్కడ పొద్దు గుంకదు. పద్దెనిమిది గంటలు దాటిన ఉపవాసం. కడుపు కాలుతున్నప్పుడు మనుషుల్ని గిల్లితే భలే పలుకుతారు. ఒక సాయంత్రం ఖర్జూరాలు ముందు పెట్టుకుని సూర్యుడి కోసం కాచుకున్నప్పుడు గిల్లాను.

"యాభై చిల్లర ముసల్మాను దేశాలోళ్ళున్నారు. దేవుడొకడే, పుస్తకమొకటే, మొక్కే దిక్కు కూడా ఒకటే. ఒక్క బల్ల చుట్టూ కూసోలేరేందప్పా?"

సిరియావాడు ఖర్జూరం వైపు చూస్తూనే చెప్పాడు. "మా వీధి మీద బాంబేసినోడు ముసల్మానే. ఎదుటోడికి తుపాకులిచ్చినోడూ ముసల్మానే. పారిపోయి పోతే సరిహద్దులో గోడ కట్టినోడూ ముసల్మానే. అందరూ సలాం చెప్పే చేసినారు."

"అంతా ఇంగ్లీషోళ్ళు గీసిన గీతల వల్ల," అన్నాడు పాకిస్తానీ. వాడికి గ్యాస్ బిల్లు ఎక్కువొచ్చినా ఇంగ్లీషోడే కారణం.

"గీత ఇంగ్లీషోడు గీసినాడు. తుపాకీ యెవరు పట్టినారు?" అన్నాడు పెద్దాయన.

"ఇంట్లోంచి ఇల్లు చీల్చుకుని పోయింది మీరు. మళ్ళీ మమ్మల్నే అంటావా, బెంగాలీ?"

పాకిస్తానీ ఆయన్ని ఎప్పుడూ అలాగే పిలిచేవాడు, బెంగాలీ అని. వయసులో ముప్ఫై ఏళ్ళు చిన్నవాడు. నేను మాత్రం చాచా అనేవాణ్ణి. మా ఆదోనిలో అరవై దాటినవాణ్ణి దేశం పేరు పెట్టి పిలిస్తే పళ్ళు రాలతాయి.

నా చదువుకి అందినంతలో కారణం ఒకటే కనిపించింది. అందరికీ ఐక్యత కావాలి. ఆ ఐక్యతకు ముందు వరసలో తాను నిలబడాలి. వెనక వరసకు మనుషులు దొరకడం లేదు. రాజులకైనా మంత్రులకైనా, నాలాంటి కసాయివాళ్ళకైనా ఇదే తంతు. మతం పేరు చెప్పి కుర్చీ, కుర్చీ పోతుందంటే పక్క మతస్థుడి సాయం, అది బయటపడితే మళ్ళీ మతం. ఇది చెబితే పాకిస్తానీ, సిరియావాడు ఇద్దరూ నన్ను, "హిందూస్తానీవి నీకేం తెలుసు," అన్నారు.

ఫ్యాక్టరీలో కరోనా అంటుకుంది. మా ఇంట్లో మొదట పడింది చాచా. ఆయన్ని పైన, మంచం పడితే మనిషి పట్టని చిన్న గదిలో పెట్టి, మమ్మల్ని ముగ్గుర్నీ కూడా ఇల్లు కదలొద్దన్నారు. జీపీ, అంటే ఇక్కడి డాక్టరమ్మ, ఫోన్లో మాట్లాడింది. నీళ్ళు బాగా తాగమంది, ఆరు గంటలకోసారి మాత్ర వేసుకోమంది, "యూ విల్ బీ గ్రాండ్," అంది, బాగైపోతావని. ఇక్కడ కాలు విరిగినా గ్రాండే.

చాచా ఉపవాసం వదల్లేదు. జబ్బు మనిషికి మినహాయింపు ఉందని ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. ఆయన తలుపవతల నుంచి ఒక్కటే చెప్పాడు. డెబ్బయ్యొకటిలో, రంజాన్ నెలలో వాళ్ళ అన్నను పాకిస్తాన్ సైనికులు ఇంట్లోంచి తీసుకుపోయారు. పట్టపగలు, ఉపవాసంలో ఉండగా. మళ్ళీ రాలేదు. ఇక తమ ఇంట్లో ఎవరూ ఒక్క పొద్దు కూడా తప్పకూడదని వాళ్ళమ్మ ఒట్టు పెట్టించుకుంది.

"తీసుకుపోయినోళ్ళు కూడా ఉపవాసంలోనే ఉండ్రి బేటా," అన్నాడు. "ఒకడి పెదాలు నా పెదాల మాదిరే యెండిపోయుండె. నాకింకా గుర్తే."

కింద పాకిస్తానీకి ఈ మాట చెప్పాను. వాడు ఫోన్లోంచి తలెత్తకుండా, "కథలు," అన్నాడు.

అయిదు రోజులు పోయాయి. చాచా దగ్గు మెట్ల మీదికి వినపడేది. పొద్దు గుంకాక రెండు గుటకలు టీ తాగి అదీ కక్కేవాడు. ఇక మిగిలిన ఆశ పండగే. ఈద్ రోజున ఉపవాసం ఉండడం పాపం. ఆ మాట మాత్రం ఆయన కాదనడు. ఈద్ వస్తే చాచా నీళ్ళు తాగుతాడు. నా జీవితంలో పండగ కోసం అంతగా ఎదురు చూసింది లేదు.

ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం నెలవంక కోసం కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆకాశం నిండా తడి దుప్పటి. ఇక్కడ సూర్యుడే సరిగ్గా మొహం చూపించడు, పురిటి చంద్రుడు చూపిస్తాడా? సిరియావాడి ఫోన్ మోగింది. అరబ్బు దేశంలో చంద్రుడు కనిపించాడు, రేపే ఈద్. పాకిస్తానీ ఫోన్ మోగింది. వాడు నమ్మే మౌల్వీలు ఇంగ్లండులో ఉన్నారు, వాళ్ళకు కనపడలేదు, రేపు ముప్ఫయ్యో ఉపవాసం. ములింగార్ మసీదు వాళ్ళు అప్పటికే రెండు వర్గాలై రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారు. రెండింటిలోంచీ రెండు కబుర్లు వచ్చాయి.

పొద్దున్నే చాచా తలుపు దగ్గరికెళ్ళాను.

"చాచా, ఈద్. నీళ్ళు తాగు."

"యెవరు చెప్పినారు?"

"సిరియావోడు చెప్పినాడు."

"ఈద్ చంద్రుడికి ఇద్దరు సాక్షులు కావల్ల బేటా. వాడూ, ఆ పాకిస్తానోడూ ఇద్దరూ ఒక మాట చెప్పమను. ఆ ఇద్దరూ ఒక మాట చెప్పినారంటే అది నిజమే అయ్యుంటాది."

కిందికి దిగాను. సిరియావాడు సేమ్యా చేస్తున్నాడు. నెయ్యి వాసన. పాకిస్తానీ ఆ వాసన తగలకుండా మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో వాడు మాస్కు పెట్టుకోవడం అదే మొదటిసారి.

"ఒక్క మాటప్పా. పైకొచ్చి ఈద్ ముబారక్ అను. మళ్ళీ వచ్చి నీ ఉపవాసం నువ్వుండు."

"చంద్రుడి మీద అబద్ధం చెప్పల్లా? ఆ బెంగాలీ కోసం?"

"ముసిలోడు చస్తాడు."

"మినహాయింపు ఉంది. తాగమను. తాగకపోతే నా తప్పా?"

సిరియావాడి వైపు తిరిగాను. "నువ్వు వాడికి నచ్చజెప్పు."

"నేను నిన్నే చెప్పినా. వాడే నా దారికి రావల్ల," అని వాడు సేమ్యా కలియబెట్టాడు.

ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే. చిన్నప్పటి నుంచి గొంతులు అనుకరిస్తాను. మా హెడ్‌మాస్టరు గొంతుతో సెలవు ప్రకటించినందుకే ఆ రోజుల్లో తన్నులు తిన్నాను. పైకి వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను. ముందు నా గొంతుతో, "ఇద్దరూ వచ్చినారు చాచా," అన్నాను. తర్వాత సిరియావాడి గొంతు, గుండెల్లోంచి గరగరమని, "ఈద్ ముబారక్ యా హాజీ!" లోపల దగ్గు ఆగింది. తర్వాత పాకిస్తానీ గొంతు, కొంచెం ముక్కుతో, లాహోర్ యాసలో, "ఈద్ ముబారక్ చాచా. చంద్రుడు కనపడినాడు. నీళ్ళు తాగండి చాచా."

లోపల గ్లాసు చప్పుడయింది. చేతిలోకి తీసుకున్నాడనుకున్నాను.

"బేటా," అన్నాడు, "వాడు నన్నెప్పుడూ చాచా అన్లేదు కదా."

గ్లాసు మళ్ళీ బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

నేను సిగ్గుపడాల్సింది. నవ్వొచ్చింది. పాకిస్తానీ వేషం కట్టి మర్యాద కలిపాను, అక్కడ దొరికిపోయాను. బెంగాలీ అని ఉంటే తాగేవాడు.

కిందికెళ్ళి సిరియావాడి సేమ్యా తిన్నాను. ఆకలి మీదున్నాను మరి.

మధ్యాహ్నం పైన ఏదో పడింది. తలుపు తీసేసరికి చాచా మంచానికీ గోడకీ మధ్య ఉన్నాడు, పెదాలు సున్నం రాసినట్టు. అంబులెన్సు వచ్చింది. తెల్ల బట్టల్లో నిండా మూసుకున్న ఒకామె వేలికి క్లిప్పు పెట్టి, మా ముగ్గుర్నీ అడిగింది.

"ఈయన ఈ రోజు ఏమైనా తాగాడా?"

"ఇవ్వాళ ఈద్. ఉపవాసం నిషిద్ధం," అన్నాడు సిరియావాడు.

"కాదు, ఇవ్వాళ ముప్ఫయ్యో ఉపవాసం," అన్నాడు పాకిస్తానీ.

"లాడ్స్," అందామె, "నేనడిగింది నీళ్ళ గురించి."

"చుక్క కూడా లేదు," అన్నాను నేను. తీసుకుపోయారు.

మర్నాడు పాకిస్తానీకి ఈద్. వాడు ఖీమా వండాడు, సిరియావాడు గదిలోంచి బయటికి రాలేదు. నేను అదీ తిన్నాను. రెండు పండగలూ చేసుకున్నవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. చేతికి ఇంకా మసాలా ఉండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. స్పీకరు పెట్టాను. నర్సు చాలా మెల్లగా, మంచిగా చెప్పింది. చివరి క్షణాల్లో తను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నానంది. ఫోను పెట్టేశాక మేం ముగ్గురం వంటగదిలో నిలబడ్డాం. సిరియావాడు కూడా దిగి వచ్చాడు.

"ఉపవాసంతో పోయినాడు. నేరుగా స్వర్గానికే," అన్నాడు పాకిస్తానీ.

"ఈద్ నాడు ఉపవాసం చేసినాడు. పాపం మోసుకుపోయినాడు," అన్నాడు సిరియావాడు.

"హదీసు తెలుసా నీకు?"

"నీకు అరబ్బీ తెలుసా?"

నేనాగలేకపోయాను. ఇప్పటికీ ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. వాళ్ళిద్దర్నీ ఏమైనా చెయ్యాలనిపించింది, చేతిలో ఉన్నది అదొక్కటే.

"కొట్లాడుకోవద్దండప్పా," అన్నాను. "ఆయప్ప ఒక రోజు స్వర్గంలో ఉంటాడు, ఒక రోజు నరకంలో ఉంటాడు. యే రోజు యాడో మీకు చంద్రుడు కనపడినాక చెప్పండి."

పాకిస్తానీ చెంప పగలగొట్టాడు. నేను ఒరిగేలోపు సిరియావాడు కాలరు పట్టుకున్నాడు, పడకుండా కాదు, రెండోది తగలడానికి వీలుగా.

"చచ్చిపోయిన పెద్దమనిషి మీద నవ్వుతాడా వీడు?"

"తీసెయ్ బయటికి."

"నువ్వు ఆ చెయ్యి పట్టు."

"పట్టినా. తలుపు తియ్."

ఎవరు ముందు పట్టాలో, ఎవరు వెనక పట్టాలో కూడా వాదించుకోలేదు. ఇల్లు కదలొద్దని ప్రభుత్వం చెప్పిన మనిషిని వానలోకి నెట్టి తలుపేశారు. లోపల గొళ్ళెం పడింది. కాసేపు అక్కడే, మెట్టు మీద, నోటిలోని రక్తం మింగుతూ కూర్చున్నాను. గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, చూస్తే ఏం చెప్పాలా అని ఆలోచించాను. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నా ప్రెస్సు తాళం పగలగొట్టి నా బియ్యం ఎలా పంచుకోవాలో తేల్చుకుంటున్నారు. గొంతులు పెరగలేదు. చక్కగా, అన్నదమ్ముల్లా మాట్లాడుకుంటున్నారు.