నూకరత్నం సూదుల వంతు

బుచ్చయ్యపేటలో చెరకు జడ చుట్టాలంటే నూకరత్నమే చుట్టాలి. గాలికి పడకుండా నాలుగేసి గడలను వాటి ఆకులతోనే కలిపి కట్టే పని అది. తను వెళ్లలేని రోజు చెల్లెలు చిన్నమ్మిని పంపేది. తర్వాత చెల్లెలి చేలో ఆ రోజు పని తను చేసేది. మనిషి మారినా పని ఆగకూడదన్నది వాళ్ల పద్ధతి.

1955లో ఆమె పొత్తికడుపులో గట్టి గడ్డ లేచింది. బొడ్డు కింద చిల్లు పడి, చీములో ఆవగింజలంత పసుపు పలుకులు రాసాగాయి. పట్నం డాక్టర్లు పొట్ట కోసి గర్భసంచి తీసేయాలన్నారు. కత్తి మాట వినగానే నూకరత్నం మంచం కిందికి దూరింది.

చోడవరంలో డాక్టర్ కృపామణి ఆ పలుకులను పరీక్ష చేయించింది. "ఇది కంతి కాదు. అరుదుగా పట్టే సూక్ష్మజీవి. మూడు నెలలు రోజూ పెన్సిలిన్ సూది వేయించుకుంటే కత్తి అక్కర్లేదు. మధ్యలో మానేశావో, మళ్లీ కత్తే."

నడుముకు సూదులు పడీ పడీ నలభై రోజులకు నూకరత్నం కూర్చోవడం మరిచిపోయింది.

"ఓ వారం నువ్వెళ్లవే సిన్నమ్మీ."

"నాకేటి రోగవనే?"

"జడ సుట్టడానికి ఎల్లట్లేదా? ఇదీ అంతే."

నర్సు స్వర్ణకుమారి నడుములు చూసేదే గానీ ముఖాలు చూసేది కాదు. అక్క చీటీ పట్టుకుని చిన్నమ్మి ఐదు సూదులు వేయించుకుంది. శనివారం డాక్టరమ్మ పుండు చూస్తుందన్న సంగతి నూకరత్నం చెప్పడం మరిచింది.

పరదా వెనక, ముఖం మీదికి కొంగు లాక్కుని పడుకున్న చిన్నమ్మి పొట్టను కృపామణి నొక్కి చూసింది. గడ్డ లేదు, చిల్లు లేదు, మచ్చయినా లేదు.

"స్వర్ణా, ఇలా రా! పూర్తిగా నయమైపోయింది!"

"దేవుడికి స్తోత్రం!" అంది నర్సు.

"రేపట్నుంచి సూదులు ఆపేద్దాం." కృపామణి కలం తీసింది.

చిన్నమ్మి నడుముకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అక్క, కత్తి గుర్తొచ్చాయి.

"ఆపకండి డాక్టరమ్మగోరూ! రోగం ఇంటికాడుంది!"

"పెన్సిలిన్ నీ ఒంటికి సరిపడకపోతే ప్రాణం పోయేదే!" అని కృపామణి గంటసేపు తిట్టి, అక్కను పిలిపించింది. నూకరత్నం గోడవారగా వచ్చి నిలబడింది.

"ఐదు సూదులూ మా ఇంట్లోవే గదండీ. నా లెక్కలో కలిపేసుకోండి."

కృపామణి కలపలేదు. పైగా మరో పది రోజులు పెంచింది. చివరికి గడ్డ కరిగింది, చిల్లు పూడింది. కత్తి పట్నంలోనే ఉండిపోయింది.

తర్వాత నూకరత్నం చెల్లెలి చేలో ఐదు రోజులు జడ చుట్టి, చేతులు దులుపుకుంది.

"ఏటే, అప్పుడే ఎల్లిపోతన్నావు? ఆరు రోజులు," అంది చిన్నమ్మి. "తిట్లు తిన్న శనివారం కూడా నీ వంతే."

నూకరత్నం కొంగు బిగించి, మళ్లీ చెరకులోకి దిగింది.