దానంతటదే ఆరిపోయే సిగరెట్

మా తాతగారు సిగరెట్ తాగే పద్ధతి వేరు. ఒకసారి పీల్చి, చేతిని కుర్చీ మీద ఆనించి, ఎదుటివాడు చెప్పేదంతా విని, అప్పుడు మళ్ళీ పీల్చేవారట. ఆస్తులు పోయాక మా ఇంటికి మిగిలినవాటిలో ఆ పద్ధతి ఒకటి. ఎమ్మెస్ చదవడానికి అమెరికాలోని హెర్న్‌డన్ వచ్చినప్పుడు దాన్ని కూడా తెచ్చుకున్నాను.

2010 ప్రాంతంలో అది చెల్లకుండా పోయింది. నేను రెండు వాక్యాలు మాట్లాడేలోగా చేతిలో సిగరెట్ ఆరిపోయేది. చెమ్మ పట్టిన సరుకు అంటగట్టారనుకుని, ప్యాకెట్ పట్టుకుని గ్యాస్ స్టేషన్ కొట్టుకి వెళ్ళి, నిటారుగా నిలబడి, మంచి ఇంగ్లిష్‌లో ఫిర్యాదు చేశాను. కౌంటర్ దగ్గరున్న గుజరాతీ ఆయన నవ్వాడు. కొత్త రూలట. కాగితంలో అక్కడక్కడ మందమైన పట్టీలు పెడతారట. పీల్చకుండా వదిలేస్తే నిప్పు ఆ పట్టీ దాకా వచ్చి ఆగిపోతుందట. సిగరెట్‌తో నిద్రపోయేవాళ్ళ ఇళ్ళు తగలబడకుండా.

"మా ఇంట్లో అలా నిద్రపోయేవాళ్ళు ఎవరూ లేరు," అని చెప్పి వచ్చేశాను.

నా రూమ్మేట్లిద్దరికీ ఇది పండగైంది. వాళ్ళు నన్ను 'దొరా' అని పిలిచేవాళ్ళు. ఎగతాళికేనని తెలుసు. అయినా ఆ పిలుపు వింటే నా వెన్ను మరో అంగుళం లేచేది.

వాళ్ళలో కరీంనగర్ వాడు లవంగం సిగరెట్లు తాగేవాడు. అంతకుముందే వాటిని అమ్మకూడదన్నారు. కొన్నాళ్ళకే అదే లవంగం, అదే ఘాటు, గోధుమరంగు ఆకు చుట్టుకుని చిన్న చుట్టలై అదే షెల్ఫ్‌లోకి తిరిగొచ్చింది. "గీ చుట్టలకు పట్టీలు లెవ్వు దొరా. ఒకటి తీస్కో," అనేవాడు. మా తాతగారి హాల్లోకి చుట్టను రానిచ్చేవారు కాదని చెప్పేవాణ్ణి.

ఒక శనివారం మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో రెండోవాడు, గుంటూరు వాడు, పందెం వేశాడు.

"మీ దివాణం ఎట్లా కాలిపోయిందో చెప్తా చెప్తా అంటావుగా. ఒక్క సిగరెట్ ఆరకుండా చెప్పు చూద్దాం. చెప్పావా, చచ్చేదాకా దొరవే. ఆరిందా, ఇవాళ్టి నుంచి ఒరేయ్, అరేయ్."

ఒప్పుకున్నాను. ఆ పేరు కూడా పోతే నాకు మిగిలేది ఎఫ్-1 వీసా ఒక్కటే.

వాక్యానికో దమ్ము లాగాను. తాతగారి గుర్రపుబండి, దమ్ము. హాల్లో గాజు దీపాలు, దమ్ము. జన్మలో అంత వేగంగా తాగలేదు. తల తిరగడం మొదలైంది. ఆగి ఉన్న కార్లు మెల్లగా గుండ్రంగా నడుస్తున్నాయి, ఊరికే నవ్వొస్తోంది, కథ పరిగెడుతోంది. మా ఇంట్లో ఆ కథకు ఒకటే ముగింపు: పిల్లి దీపం పడదోసింది. నిజం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వంశమంతా ఆ పిల్లిని తిట్టుకుంటూ బతికేశాం.

"ఆ సాయంత్రం తాతగారు వాలుకుర్చీలో కూర్చుని," దమ్ము, "చేతిలో సిగరెట్ ఉండగానే కునుకు తీశారు..."

పిల్లి ఇంకా కథలోకి రానేలేదు.

కరీంనగర్ వాడు కళ్ళు పెద్దవి చేశాడు. "అరె దొరా! గీ ఆరిపోయే సిగరెట్ గప్పుడుంటే మీ మేడ ఇంకా ఉంటుండె గద!"

కోపం రావలసింది. గంభీరంగా ఏదో అనబోయాను కూడా. కానీ గ్యాస్ స్టేషన్‌లో నేను అని వచ్చిన మాట గుర్తొచ్చింది. ఏ పాపం ఎరగని ఆ పిల్లి గుర్తొచ్చింది. నవ్వు తన్నుకొచ్చింది. పక్కనున్న కారు పట్టుకుని, వంగిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. వాళ్ళిద్దరూ అందుకున్నారు. అటుగా స్ట్రోలర్ తోసుకొస్తున్న తెలుగు ఆంటీ ఒకావిడ మమ్మల్ని చూసి దారి మార్చుకుంది.

నవ్వు ఆగి చూసుకుంటే సిగరెట్ ఆరిపోయి ఉంది.

ఇద్దరూ దానికేసి చూశారు. తర్వాత నాకేసి.

"అరేయ్," అన్నాడు కరీంనగర్ వాడు, చుట్ట అందిస్తూ. "ఇగనన్న తీస్కోరా."

తీసుకున్నాను. వీపు కారుకి ఆనించి, నోట్లో పెట్టుకున్నాను.

"నిప్పుందారా?" అని అడిగాను.