గొర్రెలు లేని గుట్ట

కొండల ఛాయాచిత్రకారుడిగా ఎదగాలని నేను నిశ్చయించుకున్న ప్రాంతంలో కొండలు లేవు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా పొలాలు, చెలకలు, అక్కడక్కడ గుట్టలు మాత్రమే ఉన్నాయి. అయినా మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి కనుక, వాస్తవాల ముందు అంత సులభంగా తల వంచలేదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఒక విదేశీ పత్రికలో మంచు శిఖరాల చిత్రాలు చూసి, వాటి కింద వ్రాసిన సూత్రాలను కంఠస్థం చేశాను: పర్వతాన్ని ఏకాంతంగా చూపవలెను, వెలుగు పక్క నుంచి పడవలెను, మనుషుల, పశువుల జాడ ఉండరాదు.

ఈ సూత్రాలను మొదట వేములపల్లి దగ్గరి ఒక గుట్టపై ప్రయోగించాను. సూర్యాపేట స్టూడియోలో కడిగించి చూస్తే అది గడ్డివాములా వచ్చింది. స్టూడియో యజమాని మర్యాదస్థుడు. "పంట బాగ వచ్చినట్టుంది సార్" అన్నాడు.

నిజాము రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం, హైదరాబాదులో జరగబోయే చిత్ర ప్రదర్శనకు ఒక పర్వత దృశ్యం పంపాలని సంకల్పించాను. కోదాడ దాకా బస్సులో, అక్కడి నుంచి ఎడ్లబండి మీద, చిలుకూరు వైపు మా అక్కను ఇచ్చిన ఊరికి వెళ్ళాను. ఆ ఊరి గుట్ట కొంచెం ఎత్తు. నా పెట్టెలో మిగిలింది ఒకే ఒక గాజు ప్లేటు, అంటే ఒక్క ఫోటోకు సరిపడా.

"బావా, రేపు పొద్దున గుట్ట మీద గొర్లు లేకుండ జర చూస్తవా?" అని అడిగాను.

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకు బామ్మర్ది? గుట్టకు సిగ్గయితదా?"

నవ్వుతూనే నా కోరికను ఊళ్ళో మందలవాళ్ళందరికీ చేరవేశాడు. ఆ సంవత్సరం పల్లెల్లో సర్కారు తరఫున భూములు కొలిచేవాళ్ళు మూడు కాళ్ళ పరికరాలతో తిరుగుతున్నారు. నా కెమెరాకూ మూడు కాళ్ళే. పైగా నేను ప్యాంటు తొడుక్కున్నాను. మా తాత కూడా గొర్రెల వెంట తిరిగినవాడేనన్న సంగతి నన్ను చూసి ఎవరూ ఊహించలేరు, నేనే మరిచిపోయాను.

మరునాడు ఉదయం కెమెరా నల్లగుడ్డ కింద తల పెట్టి, అద్దంలో తలకిందులుగా కనబడే ఖాళీ గుట్టను తన్మయంగా చూశాను. తల బయటికి తీసేసరికి నా వెనుక ఊరంతా నిలబడి ఉంది.

బావ తల్లి ముందుకు వచ్చింది. "గుట్టను ఎవలకు రాసిస్తున్నవ్ బిడ్డా?"

"ఎవరికీ కాదత్తా. పర్వతం ఏకాంతంగా ఉండాలి. అదే దాని సౌందర్యం."

"ఒంటిగ ఉంచి ఏం జేస్తరు? చెలకల్ల గడ్డిపరక లేదు. వానలు పడేదాక మా జీవాలకు గీ గుట్టనే దిక్కు. గిది బంద్ చేస్తె యాడికి తోలుకపోవాలె?"

నేను శ్రద్ధగా వివరించాను. ఎంత వివరిస్తే అంతగా నా మాటలు సర్కారు హుకుంలా వినిపించాయి. 'పశువుల జాడ ఉండరాదు' అన్న దగ్గర ఒక పెద్దాయన చేతులు జోడించాడు.

చివరికి బావ కల్పించుకున్నాడు. "అమ్మా, ఈనె సర్కారోడు గాదు! బీఏ చదివినా నౌకరి దొరకలె. దొరికితె గిట్ల గుట్టలెంబడి ఎందుకు తిరుగుతడు?"

నా నిర్దోషిత్వానికి అంతకన్నా బలమైన సాక్ష్యం లేకపోయింది. జనం నన్ను జాలిగా చూశారు. అత్త మాత్రం మెత్తబడలేదు. "అట్లయితే ముందుగాల మందలను ఎక్కనియ్యి. ఎక్కినంక తియ్యి నీ ఫోటో."

మందలు దుమ్ము రేపుకుంటూ ఎక్కాయి. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. పాటించడానికి సూత్రమేదీ మిగలలేదు. మిగిలిన ప్లేటును ఖర్చు చేశాను.

ప్రదర్శనవారు ఆ చిత్రాన్ని గోడకు తగిలించలేదు. వారిని తప్పుపట్టలేను. అందులో పర్వతం కన్నా గొర్రెలే ప్రముఖంగా ఉన్నాయి. వానలకు ముందు దాని ప్రతి ఒకటి తీసుకొని మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. అత్త దాన్ని గడపలో వెలుతురుకు పట్టుకొని, గుట్ట పొడుగునా వేలితో తడిమింది.

"ఇగో, మనయి. గుట్ట మీదనే మేస్తున్నయ్. గిది నా దగ్గరనే ఉండనియ్యి. కొలిచెటోడు వస్తె మొకం మీదనే సూపిస్త."

కళాకారుల సంప్రదాయం ప్రకారం చిత్రం వెనుక నా పేరు వ్రాయడానికి కలం తీశాను.

"నీ పేరెందుకు బిడ్డా?" అన్నది అత్త. "గొర్లు ఎవలెవలయో రాయి."

ఆమె చెబుతూ పోయింది. నేను నా దస్తూరీ చెడకుండా వ్రాశాను.