నిండని బోరు

మా గ్రౌటింగ్ మేస్త్రి చనిపోయారని మొన్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "మా అబ్బాజాన్ పోయిండు మేడం. మీకు తప్పకుండ చెప్పమన్నడు" అంది. ఆఫీసులో ఉన్నాను. ఫోన్ పెట్టేసి, ముందున్న ఫైలు చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. ఏడవడానికి కూడా ఓపిక లేదనిపించింది.

ఆయన్ని నేను చాచా అనేదాన్ని. ఇబ్రహీంపట్నం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. నేను అప్పటికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని ఇంజనీరుని. మూతపడ్డ రసాయనాల ఫ్యాక్టరీ ఒకటి ఆ ఊరవతల పాత క్వారీ గుంతలో విషపు వ్యర్థాలు పాతిపెట్టి పోయింది. అది రాతి పగుళ్లలోంచి చుట్టుపక్కల బావుల్లోకి పాకకుండా ఆపడం మా పని. గుంత చుట్టూ బోర్లు వేసి, సిమెంటు పాలు ఒత్తిడితో లోపలికి పంపాలి; గ్రౌటింగ్ అంటే అదే. పగుళ్లు నిండి గట్టిపడితే నేల కింద గోడ కట్టినట్టే.

అప్పటికే చుట్టూ ప్లాట్ల వెంచర్లు. అందరికీ తొందరే, చాచాకు తప్ప. మీటరు ఏం చూపినా, పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవారు. "జర ఆగుండ్రి, ఇంకా తాగుతున్నది" అనేవారు.

దిగువ వైపు బోరొకటి మూడు రోజులైనా నిండలేదు. నిండినట్టు రాసిన కాగితం తెచ్చి కాంట్రాక్టరు నా ముందు పెట్టాడు.

"ఇంకెంత పోస్తం మేడం? సంతకం పెట్టుండ్రి, అయిపోతది."

ఎండకు, ఆ వాసనకు, రోజూ బస్సు ప్రయాణానికి అలసిపోయి ఉన్నాను. పెన్ను తీశాను.

"సంతకానికి నీళ్లాగుతయా బేటీ?" అన్నారు చాచా, పైపు మీంచి చెయ్యి తీయకుండానే.

"నీకెందుకయ్యా, నీ పని నువ్ చూస్కో" అని కాంట్రాక్టరు కసిరాడు.

"గదే చూస్తున్న."

నేను సంతకం పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం, దిగువ పొలం రైతు పరుగెత్తుకొచ్చాడు. అతని బావి గోడలోంచి బూడిదరంగు సిమెంటు పాలు కారుతున్నాయట. విషానికి దారి అదే. చాచా సిమెంటు చిక్కగా కలిపించి, సాయంత్రానికల్లా ఆ పగులు మూయించారు. ఆ నీళ్లు తాగొద్దని బావి దగ్గర బోర్డు పెట్టించాం. వాసన తగ్గడానికి నెలలు పట్టింది.

చాచాను మాత్రం ఆ కాంట్రాక్టరు మళ్లీ పనికి పిలవలేదు. నా ఉద్యోగం పోతుందేమోనని నేనూ గట్టిగా అడగలేదు. తర్వాత ఆయన బొంగులూరు వెంచర్లలో ప్రహరీలు కడుతూ గడిపారు. ఒకసారి కనబడితే క్షమించమన్నాను.

"గా ఫికర్ ఇడిశిపెట్టు బేటీ. లోపలున్నది యాడికి పోలే, ఆగింది గంతే. యేటా నీళ్లు పరీక్ష చేయించు."

చేయిస్తూనే ఉన్నాను. ప్రతి ఏడూ ఉత్తరాలు రాయడం, గుర్తుచేయడం, మళ్లీ రాయడం. విసుగొస్తుంది. ఆయన చెప్పిన పని కాబట్టి వదల్లేకపోయాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. చాచా భార్య, చాచీ, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాకిట్లో తాడు మీద ఆయన పని చొక్కాలు రెండు ఆరవేసి ఉన్నాయి. "ఎవరికన్న ఇద్దామని ఉతికిన" అంది, అటు చూడకుండా. కాలర్లకు పట్టిన సిమెంటు పోలేదు. గాలికి చొక్కాల చేతులు కొంచెం ఊగుతుంటే, నీళ్లు బొట్లుబొట్లుగా నేల మీద పడుతున్నాయి.