మనసారా బలపరుస్తున్నాను

ఇప్పటికీ ఏ సభకైనా వెళ్తే, ఎవరో ఒకాయన లేచి ప్రతిపాదించడం, ఇంకొకాయన లేచి "బలపరుస్తున్నాను" అనడం వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. కుర్చీలో అటూ ఇటూ కదులుతాను. ఈ ముసలాయనకి ఏమొచ్చిందా అని పక్కవాళ్ళు చూస్తారు. ఏమీ రాలేదు నాయనా, పాత మంట. నమ్మి చెడినవాడు లేడంటారు చూశారూ, ఆ మాట అన్నవాణ్ణి ఒక్కసారి నా ముందుకు తీసుకురండి. మాట్లాడాల్సింది చాలా ఉంది.

మాది చల్లపల్లి దగ్గర నేతపల్లె. అవి యుద్ధం రోజులు. నూలు సర్కారు కంట్రోలులోకి పోయింది. మగ్గాలున్నాయి, చేతులున్నాయి, నూలు లేదు. ఊళ్ళో థర్డ్ ఫారం దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మా కుర్రాళ్ళంతా కలిసి పెట్టుకున్న ఉపన్యాస సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. అమావాస్యనాడు మేం మగ్గం గుంటలో కాలు పెట్టం. నేతగాడికి అదే ఆదివారం. పడుగులు సాచే వీధి ఆ రోజు ఖాళీగా ఉంటుంది. అక్కడ చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఒకడు లేచి మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి, ఆ తర్వాత తప్పులు చెప్పాలి. అంతే సంఘం.

మా పెదనాన్న మొదటిసారి లేచిన రోజు అందరికీ దణ్ణం పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా కూర్చున్నాడు. "ఒరే, మగ్గం మీదుంటే నోరు మూతపడదు గదా, లేచి నిలబడేసరికి ఒక్క మాటా రాదేందిరా?" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. అలాంటి మనిషి కొన్నాళ్ళు పోయేసరికి నూలు గురించి మాట్లాడుతుంటే, నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు బిందె చంకన పెట్టుకుని నిలబడిపోయేవాళ్ళు. ఏడిపించేవాడు, నవ్వించేవాడు. ఆయనకి ఒకే ఒక్క కోరిక ఉండేది. బెజవాడలో, పెద్దవాళ్ళ ముందు, ఆ మాటలు ఒక్కసారి చెప్పాలి.

దానికొక దారి ఉంది. ఇలాంటి సంఘాలన్నిటికీ బెజవాడలో ఉన్న కేంద్ర సంఘం ఏడాదికోసారి మహాసభ పెట్టేది. లాయర్లు, బట్టల వర్తకులు, కంట్రోలు ఆఫీసు వాళ్ళు వచ్చేవారు. సాయంత్రం ఒక్కో శాఖ నుంచి ఒక్కో వక్తని పిలిచేవారు. అయితే శాఖగా చేర్చుకోవాలంటే ప్రతి ఆదివారం సభ జరపాలని నియమం. ఆదివారం మేం మగ్గం మానేస్తే పొయ్యిలో పిల్లి లేవదు. ఆ నియమం మార్చమని మహాసభలో ఎవరైనా ప్రతిపాదించాలి. ప్రతిపాదించే హక్కు శిక్షణ పొందిన కార్యకర్తలకే ఉంది. అందుకని ఆ వేసవిలో మా వాళ్ళు నన్ను బెజవాడ శిక్షణకి పంపారు.

ఇప్పుడు వన్ టౌన్ అంటున్నారే, ఆ పాత బజార్లో ఒక బట్టల గోడౌన్ మీద మేడ. కింద బేళ్ళు దింపే హమాలీల కేకలు, పైన మా ఉపన్యాసాలు. మాకు నేర్పిన గురువుగారు రిటైరైన హెడ్మాస్టరు. చేతిలో గొడుగు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. "జీతం లేని కొలువయ్యా ఇది. సభకి ముందొచ్చేదీ మీరే, ఆఖర్న పోయేదీ మీరే. వక్తకి మంచినీళ్ళు అందించేదీ మీరే, జంపఖానాలు చుట్టేదీ మీరే. చుట్టకుండా మెట్లు దిగినవాడు నా శిష్యుడు కాడు" అనేవారు.

అన్నిటికంటే ఎక్కువగా ఆయన మాచేత సాధన చేయించింది ప్రతిపాదించడం, బలపరచడం. "ప్రతిపాదన అప్పుడే పుట్టిన బిడ్డ. ఎత్తుకునేవాడు లేకపోతే నేలపాలవుతుంది" అని, మమ్మల్ని ఇద్దరిద్దర్ని జతలు కట్టారు. ఒకడు ప్రతిపాదించి కూర్చోగానే ఆయన గొడుగు పైకెత్తేవారు. దాని మొన నేలకి తగిలేలోగా జతగాడు లేచి "మనసారా బలపరుస్తున్నాను" అనాలి. ఆ 'మనసారా' ఆయన సొంతం. ఉత్తినే బలపరచడం గుమాస్తాపని అనేవారు. "ఎవరి జత వాళ్ళే లేవండి. నలుగురూ ఒక్కసారి లేచి అరిస్తే అది సభ కాదు, చేపల బజారు" అని గట్టిగా చెప్పేవారు. పొద్దున్నా మధ్యాహ్నం ఇదే పని. ఆఖరికి గొడుగు లేస్తే చాలు, నా కాళ్ళు వాటంతటవే లేచేవి.

నా జతగాడు ఆ బజార్లోనే బట్టల వర్తకుడి మేనల్లుడు. బి.ఏ. చదివాడు. నాకంటే పెద్ద. మొదటిరోజు నేను "ఏమండీ" అని పిలిస్తే, "ఏమండీ ఏంటయ్యా, చక్కగా అన్నయ్యా అను" అన్నాడు. అన్నాను. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి లాక్కెళ్ళేవాడు. వాళ్ళమ్మగారు నా కంచంలో నెయ్యి వేస్తూ, "మావాడికి తమ్ముళ్ళు లేరు నాయనా, నిన్నే అనుకుంటున్నాడు" అనేది. పొంగిపోయాను. సాయంత్రాలు కృష్ణ ఒడ్డున కూర్చుని నా ప్రతిపాదనకి మాటలు కూర్చింది కూడా తనే. "మీ పెదనాన్న మాట్లాడి తీరాలి. నేనున్నాగా తమ్ముడూ! నువ్వు కూర్చునేలోపే నేను లేస్తా, నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు. ఆ మాట మా ఊరెళ్ళి ఉన్నదున్నట్టు పెదనాన్నకి చెప్పాను. ఆయన ఆ రోజునుంచీ మగ్గం మీద కూర్చుని పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

మహాసభ రోజున మా వాళ్ళు బొగ్గు బస్సెక్కి వచ్చారు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుల పొగతో నడిచేవి అప్పట్లో. దిగేసరికి అందరి మొహాలూ మసి. కాలవలో కడుక్కుని, సంచిలోంచి ఉతికిన పంచెలు తీసి కట్టుకుని మేడెక్కారు. పెదనాన్న కండువా తనే నేసుకున్నది, జరీ అంచుది. హాలు వెనక జంపఖానా మీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు. నేను ముందు వరసలో ఉన్నాను, నా పక్కన అన్నయ్య. వేదిక మీద అధ్యక్షులుగా ఒక లాయరుగారు, ఆయన పక్కన మా గురువుగారు.

నన్ను పిలిచారు. లేచాను. తడబడకుండా, గొంతు వణక్కుండా ప్రతిపాదించాను. నెలకొక్క సభ జరిపినా శాఖగా గుర్తించాలనీ, వారం ఏదైనా ఫరవాలేదనీ చెప్పి కూర్చున్నాను.

ఎవరూ లేవలేదు.

అన్నయ్యకి గొంతులో ఏదో అడ్డుపడింది కాబోలు అనుకున్నాను. చూడండి నా వెర్రి! వాడి తరఫున నేనే సాకులు వెతుకుతున్నాను. పక్కకి చూశాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. వేదిక మీద గురువుగారు అలవాటుకొద్దీ గొడుగెత్తారు. అది నేలకి తగిలిన చప్పుడు హాలంతా వినపడింది. మాతో శిక్షణ పొందినవాళ్ళు అంతమంది ఉన్నారు, అందరూ నా జతగాడి వంకే చూశారు. ఎవరి జత వాళ్ళే కదా. ఒక్కడూ కదల్లేదు. గురువుగారు కూడా తల దించుకున్నారు గానీ, ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు.

"అమావాస్యనాడు దెయ్యాలు తిరుగుతాయని విన్నాం, సభలు కూడా జరుగుతాయన్నమాట" అన్నారు లాయరుగారు. హాలంతా నవ్వు. నా పక్కవాడు కూడా నవ్వాడు. పెద్దగా కాదు, పెదవి చివర. దాన్ని నేను చచ్చినా మరిచిపోను. "బలపరిచేవారు లేరు. ప్రతిపాదన వీగిపోయింది. తర్వాతి అంశం."

తర్వాతి అంశం కొత్త సహాయ కార్యదర్శి ఎన్నిక. లాయరుగారి దగ్గర జూనియరు లేచి ఒక పేరు చెప్పాడు. అది మా అన్నయ్య పేరు. ఇంకెవరో క్షణంలో బలపరిచారు. మా అన్నయ్య లేచి నాలుగు వైపులా నమస్కారాలు పెట్టాడు. అప్పుడు అర్థమైంది నా మట్టిబుర్రకి. ఆ పొద్దున్నే లాయరుగారు వాణ్ణి పిలిచి, "పదవి కావాలంటే ఆ అమావాస్యవాళ్ళ జోలికి పోకు" అన్నారట. తర్వాత ఒక స్నేహితుడు చెప్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు ఆ ముందు వరసలో తెలిసింది. నెయ్యి వేసి మరీ కోశారు. ఆ కోపంలో ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. కొత్త సహాయ కార్యదర్శి మొదటి బాధ్యత అధ్యక్షులవారికి కృతజ్ఞతలు ప్రతిపాదించడం. వాడు లేచి, "ఇంత న్యాయంగా సభ నడిపిన అధ్యక్షులవారికి కృతజ్ఞతలు తెలపాలని ప్రతిపాదిస్తున్నాను" అని నా పక్కనే కూర్చున్నాడు. వేదిక మీద గొడుగు పైకి లేచింది.

నా కాళ్ళు లేచాయి.

నేను లేపలేదు, దేవుడి తోడు. నిలబడ్డాను, నోరు తెరుచుకుంది. "మనసారా బలపరుస్తున్నాను!" ఖంగుమని వినపడింది హాలు చివరిదాకా. గొడుగు మొన ఇంకా గాల్లోనే ఉంది. ఒకటే చప్పట్లు. ఓడిపోయినా ఎంత మర్యాదగా ప్రవర్తించాడో చూశారా అని ఎవరో అంటున్నారు. నా నోటిని అక్కడే కుట్టేసుకోవాలనిపించింది.

సాయంత్రం వక్తల్ని పిలవడం మొదలైంది. నేను మంచినీళ్ళ గ్లాసులు అందిస్తున్నాను. వెనక్కి చూడాలంటే ధైర్యం చాలలేదు. మధ్యలో వాడు నా పక్కకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏమీ అనుకోకు తమ్ముడూ. ముందు నన్ను కుర్చీలో కుదురుకోనీ. వచ్చే ఏడు నేనే ప్రతిపాదిస్తాగా!"

"బలపరిచేవాణ్ణి ముందే చూసుకోండి" అన్నాను.

ఆ 'అండి' వాడికి తగిలింది. చెయ్యి తీసేశాడు. మళ్ళీ వాడితో నేను మాట్లాడలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడితో మాటలేమిటి?

దీపాలు పెట్టే వేళకి సభ ముగిసింది. జనం మెట్లు దిగిపోయారు. సహాయ కార్యదర్శిగారు లాయరుగారితో పాటు ముందే వెళ్ళిపోయారు. జంపఖానాలు చుట్టడానికి నేనూ, మరో ఇద్దరూ మిగిలాం. వేదిక దగ్గర్నుంచి చుట్టుకుంటూ వెనక్కి వచ్చాను. చివరి జంపఖానా మీద మా వాళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. పెదనాన్న కండువా సర్దుకుంటున్నాడు.

"ఏరా, నన్నెప్పుడు పిలుస్తారు?" అన్నాడు.

మా ఊరి పెద్దల దగ్గర ఎవరైనా ఒక మాట చెప్పాక ఎవరూ అడ్డు చెప్పకపోతే అది ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం కదా. నేను ప్రతిపాదించాక హాలంతా ఊరుకుంది. లాయరుగారి మాటలు ఆ నవ్వుల్లో కలిసిపోయి వెనక్కి అందలేదు. ఆ తర్వాత నా గొంతు ఖంగుమంది, చప్పట్లు మోగాయి. మమ్మల్ని చేర్చుకున్నారనే ఆయన అనుకున్నాడు. ఒక్కొక్క వక్త పేరు పిలిచినప్పుడల్లా, ఈసారి తనదే అనుకుంటూ, లేవడానికి సిద్ధంగా, అంతసేపూ కూర్చున్నాడు.

"జంపఖానా చుట్టాలి, లే పెదనాన్నా" అన్నాను.

ఆయన నా మొహం వంక చూశాడు. లేచాడు. రెండో కొస తనే పట్టుకున్నాడు. బట్ట పట్టుకునే చేతులు కదా, ముడత పడనివ్వలేదు. ఇద్దరం చుట్టుకుంటూ దగ్గరికొచ్చాం.

"మనల్ని వద్దన్నారా?"

తల ఊపాను.

"మరి నువ్వు లేచి అంత గట్టిగా అరిచావు గదరా, దేనికి?"

"అధ్యక్షులవారికి కృతజ్ఞతలు చెప్పడానికి."

"మనల్ని వద్దన్నాయనకేనా?"

అవునన్నాను. ఆయన జంపఖానా భుజానికెత్తుకుని, ఎక్కడ పెట్టాలిరా అని అడిగాడు.