అన్నం కింద బొగ్గు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా బాపు గని నుంచి ఇల్లు చేరేవాడు. కాళ్లు కడుక్కోకముందే టిఫిన్ డబ్బా విప్పి, అడుగు గిన్నెలోంచి పిడికెడంత బొగ్గుపెల్ల తీసి పొయ్యి పక్కన పెట్టేవాడు. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో ఇది తప్పేది కాదు. ఆ పెల్లలను కాల్చకుండా అక్కడే పేర్చేవాడు.

మాకు బొగ్గుకు కరువేమీ లేదు. మందమర్రిలో గని పనివాళ్ల ఇళ్లకు బండితో బొగ్గు తెచ్చి పోసేవారు. మా పెరట్లో కుప్ప నా భుజాల దాకా ఉండేది. అది ఉండగా ఈ పెల్ల దేనికని నన్ను కన్న అవ్వ ఒకసారి అడిగింది. బాపు పెల్లను ఇంకాస్త పక్కకు జరిపాడు.

"అలవాటైంది" అన్నాడు.

గుడి అని పిలుచుకునే మా కాలనీ చర్చికి పాస్టరు అయ్యగారు మంచిర్యాల నుంచి మూడు నెలలకోసారి వచ్చి, బల్ల దగ్గర మోకరిల్లినవాళ్లకు ప్రభు భోజనపు రొట్టె ఇచ్చేవారు. ఒకసారి ఆయన చిన్న పాపాల గురించి ప్రసంగించారు. పెద్ద పాపం చేసినవాడు నిద్ర పట్టక ఎప్పుడో ఒకనాడు ఒప్పుకుంటాడనీ, చిన్నదాన్ని మాత్రం మనమే పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతామనీ అన్నారు. ఆ ఆదివారం అందరూ రొట్టె తీసుకుంటుండగా బాపు లేచి బయటికి వెళ్లి సైకిల్ టైర్లలో గాలి చూసుకున్నాడు. తరువాతిసారి కూడా గాలి చూసుకున్నాడు. మూడోసారి సైకిల్ తేలేదు. అయినా బయటికి వెళ్లాడు.

అప్పటికి అవ్వకు ఛాతీ జబ్బు ముదిరింది. గుడికి నడవాలంటే దారిలో రెండు చోట్ల కూర్చోవలసి వచ్చేది. ఒకరోజు మంచం మీద నుంచే బాపును అడిగింది.

"అయ్యగారు మళ్లొచ్చేటాల్లకు నేనుంటనో ఉండనో. ఒక్కసారన్న నా పక్కపొంటి మోకరిల్లవా?"

బాపు పొయ్యి వైపు చేయి చూపించాడు. "గది ఇంట్ల ఉండంగ నాతోని గాదు."

అవ్వ లేచి కూర్చుంది. "గా పెల్ల కోసమా? నన్నొక్కదాన్నే బల్ల కాడికి తోలింది గా నల్లరాయి కోసమా? మరి తెచ్చుడు బంద్ జేయకపోయినవ్?"

"బంద్ జేసిన. మర్సిపోయి తెస్తున్న."

అవ్వ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, "పోయి వాపస్ ఇచ్చిరా" అంది.

మరుసటి పొద్దున బాపు ఒక పెల్లను చేతిలో అందరికీ కనబడేలా పట్టుకుని గని గేటుకు వెళ్లాడు. గేటు దగ్గర పనివాళ్ల డబ్బాలు తనిఖీ చేసే జవాను ముసలివాడు, మా బాపును భాయ్ అని పిలిచేవాడు. వాళ్లిద్దరి మాటలు బాపు ఆ సాయంత్రం మాకు చెప్పాడు.

"లోపటికి బొగ్గా? ఏం భాయ్, లోపట తక్కువ పడ్డదా?"

"వాపస్ ఇయ్యనీకి తెచ్చిన. రోజూ డబ్బాల దాసుకపోయేది."

జవాను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకెర్కలేదా? నీ డబ్బా లొడలొడ రోజూ వింటనే ఉన్న. ఇప్పుడు పెద్ద సాబుకు చెప్తవా? ముందుగాల నన్నడుగుతరు, నువ్వేం జూస్తున్నవని. నా నౌకరి పోతది. జర నా మొఖం జూసి ఇంటికి తీస్కపో."

బాపు ఇంటికి తెచ్చాడు. తప్పు తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లు. దాన్ని ఇంకొక మనిషి కూడా కళ్లు మూసుకుని మోస్తున్నాడని అప్పుడే తెలిసింది. చెబితే ఆ మనిషి అన్నం పోతుంది. చెప్పకపోతే అవ్వ పక్కన మోకరిల్లలేడు.

అందుకని మా ఇంట్లో కొత్త పని మొదలైంది. రోజూ పొద్దున అవ్వ ఒక పెల్లను కాగితంలో చుట్టి అడుగు గిన్నెలో పెట్టి, పై గిన్నెలో అన్నం సర్దేది. దాచి తెచ్చినదాన్ని బాపు దాచి తీసుకుపోయేవాడు. జవాను డబ్బా మీద వేలితో కొట్టి ఆకాశం వైపు చూసేవాడు. గని లోపల అన్నం తినేటప్పుడు పెల్లను అక్కడి బొగ్గులో కలపడానికి బాపు కాగితం విప్పితే తోటి పనివాడు తొంగి చూసి, "ఏందే, మా వదినె ఇయ్యాల బొగ్గు కూరొండిందా?" అన్నాడట.

అయ్యగారు వచ్చే రోజు వచ్చింది. శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వస్తే బాపు అన్నీ చెప్పి అడిగాడు.

"దాసుకొని తెచ్చుడు పాపమైతే, దాసుకొని పెట్టుడు ఏమైతది అయ్యగారూ?"

అయ్యగారు వంగి టిఫిన్ డబ్బా అడుగు గిన్నె చూశారు. తరువాత, "అన్నానికి అంటకుండ పెడుతున్నరా?" అని అడిగారు.

"కాయితం సుడుతున్న" అంది అవ్వ మంచం మీద నుంచి.

"ఇంకెన్ని దినాలు మోస్తవు?"

"ఎండకాలం దాక పడుతది" అన్నాడు బాపు. "అది ఒడిసినంక రొట్టె తీస్కుంట."

"గప్పటిదాక నేనుండ" అంది అవ్వ. మామూలు గొంతుతోనే అంది.

అయ్యగారు లేచారు. "వాపస్ పెట్టుడు నీ పని, ఇడిసిపెట్టకు. మాఫీ మాత్రం డబ్బాల మోస్తే వచ్చేది కాదు. రేపు నోటితోని చెప్పు. నీది నువ్వు చెప్పు, ఇంకొకలది చెప్పకు."

మరునాడు రొట్టె విరిచే ముందు బాపు లేచి నిలబడ్డాడు. "నేను బొగ్గు దొంగతనం జేసిన. ఇంట్ల కుప్ప ఉండంగనే జేసిన" అన్నాడు. జవాను మాట ఎత్తలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన మనిషే లేచి, పక్కింటి కోడి తన పెరట్లో పెట్టే గుడ్లు తనవేనని తింటున్నట్టు చెప్పింది. బడి పంతులు ఇంటికి తెచ్చుకున్న సుద్దముక్కల గురించి చెప్పాడు. తనకు ఒక్క పాటా రాదనీ, పెండ్లయి వచ్చిననాటి నుంచి గుడిలో పెదవులు మాత్రమే కదిలిస్తున్నాననీ ఒక ముసలమ్మ చెప్పింది. చివరికి అయ్యగారు, క్రితంసారి ఆలస్యానికి కారణం రైలు కాదనీ, తన నిద్ర అనీ ఒప్పుకున్నారు. ఆ రోజు రొట్టె విరిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

బాపు అవ్వ మోచేయి పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించి, ఆమె పక్కన మోకరిల్లాడు. రొట్టె నోట్లో ఉండగా కూడా అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

అయ్యగారు మళ్లీ వచ్చేసరికి అవ్వ లేదు. మిగిలిన పెల్లలకు నేను కాగితం చుట్టాను.

ఆ తరువాత చాలా ఏళ్లు ఆ గుడిలో అదే పద్ధతి నడిచింది. ప్రతిసారీ అందరికన్నా ముందు బాపు నిలబడేవాడు. చెప్పడానికి ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పి, అది నిజమేనా అని ఆలోచిస్తూ కాసేపు నిలబడే ఉండేవాడు. బాపు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అక్కడ రొట్టె విరిచే ముందు ఎవరూ లేచి నిలబడరు.